నా చేతి కొలత

"అమ్మా, స్టాక్ కోయించేశావా? ఇంక దాన్ని ఎవరు కొంటారు? రీసేల్ వాల్యూ మొత్తం పోయింది కదా!"

డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోన్లో ఒకటే గోల. వాడు 2021లో మోజుపడి కొనుక్కున్న ఎయిర్ రైఫిల్ అది. ఏడాది తిరక్కుండానే మోజు తీరింది. ఆ తర్వాత అమెరికా ప్రయాణం. నేను రిటైరై, కావలిలో ఇల్లు ఖాళీ చేసి, జువ్వలదిన్నెలో అమ్మ వాళ్ళ ఇంటికి వచ్చేసినప్పుడు సామాన్లతో పాటు ఆ నల్ల సంచీ కూడా వచ్చింది. కొంతకాలం బీరువా మీదే పడుంది. ఇప్పుడు దాని వెనక భాగాన్ని నాలుగున్నర సెంటీమీటర్లు రంపంతో కోయించి పారేశాను.

"పాడు చెయ్యడానికి కాదురా, పనికొచ్చేలా చెయ్యడానికి" అన్నాను. వాడికి అర్థమైనట్టు లేదు. మీకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

దీనికి ముందు ఇంకొక తుపాకి సంగతి చెప్పాలి. 1978లో నాకు పన్నెండేళ్ళు. కొండబిట్రగుంట తిరునాళ్ళకి నాయన మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఒక చెక్క బోర్డు నిండా రంగు రంగు బెలూన్లు గుచ్చి, ఎదురుగా బల్ల మీద ఎయిర్ గన్ పెట్టుకుని కూర్చున్నాడొకాయన. మా తమ్ముడికి తొమ్మిదేళ్ళు. నాయన వాడి వెనక నిలబడి, బట్ తన భుజానికి ఆనించుకుని, గొట్టం తన చేత్తో పట్టుకుని వాడి చేత ట్రిగ్గర్ నొక్కించాడు. బెలూన్ పేలింది. వాడు ఎగిరి గంతేశాడు. నేను కూడా కాలుస్తానని మారాం చేశాను. "ఆడపిల్లకెందుకమ్మే" అంటూనే పావలా ఇచ్చాడు. కానీ నా వెనక ఎవరూ నిలబడలేదు. బట్ భుజానికి ఆనించుకుంటే ట్రిగ్గర్ అందలేదు. ట్రిగ్గర్ అందుకుంటే బట్ భుజం దాటి చంకలోకి జారింది. చెంప ఎక్కడ ఆనించాలో, ఏ కన్నుతో చూడాలో తెలియలేదు. మూడు గుళ్ళు కాల్చాను, మూడూ బోర్డుకి తగిలాయి. "ఆడపిల్ల గురి అంతేలే అబ్బయా" అన్నాడు అంగడాయన. నాయన నవ్వాడు. తమ్ముడు నవ్వాడు. నేను కూడా నవ్వాను.

ఇప్పటికీ గుచ్చుకునేది నా నవ్వే. ఎందుకంటే ఆ మాట నేను నమ్మాను. కాలేజీ పిక్నిక్‌లో రింగులాట ఆడుతుంటే "నాకు గురి లేదు" అని పక్కకి తప్పుకున్నాను. క్యారమ్స్ బోర్డు దగ్గర కూర్చోలేదు. "నీకు అంచనా చాలదు" అంటే స్కూటర్ నేర్చుకోవడం మానేశాను. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పాను, బోర్డు మీద ప్రక్షేపకాల మార్గాలు గీశాను, కానీ గురి నాది కాదనే అనుకున్నాను.

2022లో కుడి భుజం పట్టేసింది. పైన ఉన్న డబ్బా అందుకోవాలన్నా ప్రాణం పోయేది. మోకాళ్ళ సంగతి సరేసరి. డాక్టరు వ్యాయామాలు చెప్పాడు, చుట్టాలు గుళ్ళూ, నూనెలూ చెప్పారు. యాభై దాటిన ఆడదానికి ఈ లోకం చూపించే దారులు ఆ మూడే. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బీరువా పైనున్న సంచీ దించి విప్పాను. ఉబుసుపోక దాని గురించి చదవడం మొదలుపెట్టి, బెంచ్‌రెస్ట్ అనే ఆట ఒకటుందని తెలుసుకున్నాను.

టీవీలో మనం చూసే ఎయిర్ రైఫిల్ పోటీ వేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకం గెలిచింది పది మీటర్ల పోటీలో. నిలబడి, రైఫిల్ బరువు మొత్తం ఒంటి మీద మోస్తూ కాల్చాలి. బెంచ్‌రెస్ట్‌లో మనిషి బల్ల ముందు కుర్చీలో కూర్చుంటుంది. తుపాకి ముందు భాగం ఒక స్టాండు మీద, వెనక భాగం ఇసుక సంచీ మీద ఉంటాయి. ఎదురుగా పాతిక మీటర్ల దూరంలో ఒక కాగితం మీద ఇరవై అయిదు గుర్తులు. ఒక్కో గుర్తుకి లెక్కలోకి వచ్చేది ఒక్క గుండే. అన్నీ నడిమధ్యలో పడితే 250. సరి చూసుకోవడానికి విడిగా గుర్తులుంటాయి, వాటి మీద ఎన్నయినా కాల్చుకోవచ్చు. బరువు మోసేది బల్ల. మనిషికి మిగిలేది కన్ను, ఊపిరి, ఒక వేలు, గాలిని చదవగల ఓపిక. పారా షూటింగ్‌లో చేతుల్లో బలం తక్కువున్న వాళ్ళకి స్టాండు మీద రైఫిల్ ఆనించి కాల్చే తరగతి ఒకటి ఉందని చదివినప్పుడు, పట్టేసిన నా భుజానికి కూడా ఎక్కడో చోటుందనిపించింది.

సరే, వంటింటి బల్ల పెరట్లో వేయించి కూర్చున్నాను. పది నిమిషాలకే మెడ పట్టేసింది. టెలిస్కోపులో గుర్తు కనిపించాలంటే మెడ సాగదీయాలి, వేలు ట్రిగ్గర్‌కి అందాలంటే భుజం ముందుకి తోయాలి. సరిగ్గా కొండబిట్రగుంటలో లాగే. ఈసారి మాత్రం నవ్వకుండా టేపు తెచ్చాను.

తుపాకికి ఒక కొలత ఉంటుంది. ట్రిగ్గర్ నుంచి బట్ చివరి దాకా ఎంత దూరమన్నది. మనిషి వైపు నుంచి దీన్ని చూసుకునే పద్ధతి చాలా తేలిక. మోచెయ్యి లంబకోణంలో మడిచి, మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా కొలవాలి. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. మా అబ్బాయి రైఫిల్ 36.5 సెంటీమీటర్లు. నా చెయ్యి 31.

ఆ టేపు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు 31 అయితే, పన్నెండేళ్ళప్పుడు ఎంత ఉండి ఉంటుంది? ఆ రోజు గురి తప్పింది నేను కాదు. ఆ కొయ్య నా కోసం చేసింది కాదు, అంతే. ఆర్టీసీ బస్సులో పైన పట్టుకునే కడ్డీ, కాలేజీలో నల్లబల్ల పైఅంచు, స్టాఫ్‌రూమ్ కుర్చీలో నేలకి ఆనని నా కాళ్ళు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎవరో ఒక అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని మధ్యలో నిలబెట్టి ఆయన చుట్టూ వస్తువులన్నీ తయారుచేశారు. మిగతా మనమంతా మునివేళ్ళ మీద నిలబడి, అందకపోతే మనల్ని మనం తిట్టుకుంటూ బతికేశాం.

చెన్నైలో ఒక దుకాణానికి ఫోన్ చేసి, పొట్టి స్టాక్ దొరుకుతుందా అని అడిగాను. "లేడీస్‌కి అయితే పిల్లల మోడల్ తీసుకోండి మేడం" అన్నాడు. మగవాళ్ళది, లేకపోతే పిల్లలది. మధ్యలో మనిషి లేదు.

మా ఊళ్ళో ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. వరసకి మామ అవుతాడు. ఒకప్పుడు తెప్పలు, నాటుపడవలు చెక్కాడు. ఫైబర్ పడవలు వచ్చాక పని తగ్గింది. ఫిషింగ్ హార్బర్ కట్టాక ఊరు మారింది గానీ, ఆయన చేతికి పని తిరిగి రాలేదు. తుపాకిలో గాలి పూర్తిగా తీసేసి, ఇనుప భాగమంతా విప్పి ఇంట్లో పెట్టి, ఉత్త కొయ్యని చీరలో చుట్టి తీసుకెళ్ళాను.

"ఏందమ్మాయ్, కొత్త దాన్ని కోసేది? బీచ్ కొయ్య, ఎంత బాగుండాదో చూడు. పాపం తగలదా?" అన్నాడు.

"చొక్కా పెద్దదైతే చొక్కాని కత్తిరిస్తామా, చేతులు సాగదీస్తామా మామా?"

ఆయన కాసేపు కొయ్యని తిప్పి తిప్పి చూశాడు. "నిజమేలే. తెడ్డు చెక్కేటప్పుడు గూడా అంతే. ఏసేవోడి చెయ్యి ఎంతుండాదో చూడకుండా తెడ్డు చెక్కం" అన్నాడు. మళ్ళీ ఆగి, తనలో తను అనుకున్నట్టు, "ఇన్నేళ్ళలో ఆడమనిషి చేతికని ఏదీ చెక్కలేదు నేను" అన్నాడు.

మా పట్టపు పాలెంలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. ఒడ్డున చేపలు ఏరతారు, ఉప్పేస్తారు, ఎండబెడతారు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతారు. మా అమ్మ కావలి దాకా నడిచిన రోజులున్నాయి. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి, తెడ్డు ముట్టుకోకుండానే పోయింది. ఆమె చేతి కొలత ఎవరికీ అవసరం రాలేదు.

నా చెయ్యి కొలవడానికి మామ మొహమాటపడ్డాడు. లోపలున్న అత్తని పిలిచి దారం ఇచ్చాడు. ఆమె మోచెయ్యి మడిపించి, దారం పట్టి, పంటితో కొరికి ఆయన చేతిలో పెట్టింది. అలా తీసుకున్నారు నా కొలత.

ఒకేసారి కోయొద్దని నేను చదువుకుని వెళ్ళాను. మామకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కోసింది మళ్ళీ అతకదు కదా. ముందు రెండు సెంటీమీటర్లు కోశాడు. బల్ల ముందు కూర్చోబెట్టి చూశాడు. తర్వాత ఒకటిన్నర, ఆ తర్వాత ఇంకొకటి. 32 దగ్గర ఆపాం. "వెనక తగ్గితే ముందు బరువైపోతాది చూసుకో" అన్నాడు. ముందు బరువు మోసేది స్టాండు కాబట్టి ఇబ్బంది లేదన్నాను. కోసిన చోట పాత రబ్బరు చెప్పు అట్ట కొలతకి కోసి రెండు మరలు బిగించాడు. చెంప ఆనే చోట టేకు చెక్క ఒకటి పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎత్తున చెక్కి అమర్చాడు. దాన్ని మాత్రం నాలుగుసార్లు చిత్రికపట్టించాను. నా చెంప ఎముకకి ఒరుసుకోకుండా, కన్ను తనంతట తనే టెలిస్కోపు నడిమధ్యకి వచ్చేదాకా. ముందు భాగం అడుగున మూడంగుళాల లోపు వెడల్పుతో చదునైన చెక్క బిగించాడు, స్టాండు మీద అటూ ఇటూ ఒరగకుండా. పడవ అడుగు చదును చూసినట్టే ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

ట్రిగ్గర్ జోలికి మేమిద్దరం పోలేదు. మరీ తేలిక చేస్తే అనుకోకుండా పేలే ప్రమాదం ఉంది. తెలిసిన పనివాడి చేత సరిచేయించాను. గుండు శక్తిని కూడా పెంచలేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఆ గీత లోపలే ఉండాలని నా పట్టు. నాకు కావాల్సింది బలం కాదు, కుదురు.

ఇసుక సంచీ కుట్టింది మా పెద్దమ్మ. ఆమెకి ఎనభై దాటాయి. అబ్బాయి పాత జీన్స్ ప్యాంటు కత్తిరించి, బట్ ఇరుక్కునేలా రెండు చెవులు పెట్టి కుట్టింది. సముద్రం పక్కనే ఉన్నా ఇసుక ఊరికే రాలేదు. ఉప్పు చెమ్మని లాగుతుంది, ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. మంచినీళ్ళతో నాలుగుసార్లు కడిగి, మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టి, పిండి జల్లెడతో జల్లించి నింపాం. "అప్పచ్చులు చేసేటప్పుడు గూడా ఇంత జల్లించలేదు గదే" అని నవ్వింది పెద్దమ్మ.

గుళ్ళు తూచడం దగ్గర అమ్మ గుర్తొచ్చింది. డబ్బా మీద ఒక్కో గుండు 0.54 గ్రాములని రాసి ఉంటుంది. చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే కొన్ని అంతకన్నా తక్కువ, కొన్ని ఎక్కువ. సమానంగా ఉన్నవాటిని ఏరి పూసల డబ్బా అరల్లో పెట్టుకుంటాను. ఆ చిన్న తేడాకే పాతిక మీటర్ల దగ్గర గుండు పైకో కిందికో పోతుంది. అమ్మ చేపని చేత్తో పట్టుకునే బరువు చెప్పేది, తక్కెడ ఆ తర్వాతే. దాన్ని ఎవరూ గురి అనలేదు. "దానికి బేరం బాగా తెలుసు" అనేవాళ్ళు.

గాలి సంగతి తమ్ముడు చెప్పాడు. వాడిప్పుడు మనవరాలున్న మనిషి. తెల్లారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, పొద్దెక్కి నేల కాగాక సముద్రం మీద నుంచి తిరుగుతుంది, ఎండాకాలంలో పడమటి గాలి దాన్ని చాలాసేపు రానివ్వదు. పాఠం చెప్పినన్నాళ్ళూ నాకు ఇది పుస్తకంలో బాణం గుర్తు మాత్రమే. ఇప్పుడు ప్రహరీ లోపల బల్లకీ కాగితానికీ మధ్య మూడు చోట్ల కర్రలు పాతి, పాత చీర పీలికలు కట్టాను. మూడూ ఒకే తీరుగా ఊగేదాకా వేలు కదపను. కాగితం వెనక ఇసుక బస్తాలు గోడలా పేర్పించాను. ఆ సీసాన్ని నెలకోసారి ఏరి విడిగా దాస్తాను, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటాను. పాలెంలో వలల అంచుకి కట్టే సీసపు గుళ్ళతో ఆడుకుని పెరిగిన దాన్ని నేను. అది విషమని అప్పుడెవరికి తెలుసు?

గాలి నింపే పంపు మాత్రం నన్ను ఏడిపించింది. సైకిల్ పంపు లాగే ఉంటుంది గానీ, 200 బార్ దాకా కొట్టాలంటే ఒళ్ళంతా దాని మీద వేయాలి. నేను 150 దగ్గర ఆపేస్తాను. ముప్పైసార్లు కొట్టి, పంపు చల్లారేదాకా ఆగుతాను. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, తొందరపడితే లోపల నీరు చేరుతుంది. గుళ్ళు తక్కువ వస్తాయి. రానీ. నాకేం తొందర?

ఒంటి సంగతులు ఇంకా ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ లేనివి. చెవి కమ్మ చెంపచెక్కకి తగులుతుంది. గాజులు బల్ల మీద గలగలమంటాయి. ముడి వేసుకుంటే తల వెనక్కి వాలదు. పైట సరిగ్గా బట్ ఆనే చోటికి జారుతుంది. కమ్మలు, గాజులు తీసేశాను. జడ వేసుకుంటున్నాను. పైటకి రెండు పిన్నులు. చీర మానెయ్యమన్నారు కొందరు. మానలేదు. కొయ్యనే మార్చినదాన్ని, చీరెందుకు మారుస్తాను?

ఈ సంగతి మా స్నేహితురాళ్ళకి చెప్పినప్పుడు ఒకామె సూటిగా అడిగింది. "మనం ఇన్నాళ్ళూ హింసకి వ్యతిరేకంగా రాశాం. నువ్వు తుపాకి పట్టి ఏం సాధిస్తావు?" ఇంకొకామె నా తరఫున జవాబు చెప్పింది, "ఆత్మరక్షణకి మంచిదేగా" అని. నాకు రెండోదే ఎక్కువ ఇబ్బంది కలిగించింది. కుర్చీలో కూర్చుని, ఇసుక సంచీ సర్దుకుని, చీర పీలికలు ఊగే తీరు చూసి కాల్చే ఈ ఆట ఎవరి నుంచీ ఎవరినీ రక్షించదు. ఆడవాళ్ళు ఏది నేర్చుకున్నా దానికి ఒక ప్రయోజనం చూపించాలి. కరాటే ఆత్మరక్షణకి, సంగీతం పెళ్ళిచూపులకి, నడక షుగరుకి. ఊరికే ఆడుకుంటానంటే ఒప్పుకోరు. నేను ఆడుకుంటున్నాను. పావలాకి మూడు గుళ్ళ దగ్గర ఆగిపోయిన ఆట అది.

మొదటి ప్రశ్నకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. తుపాకి ఆకారం తుపాకిదే. పాలెం కుర్రాళ్ళు "పిట్టల్ని కొడదామా టీచరమ్మా" అని వస్తారు. చిన్నప్పుడు తమ్ముడు అరువు తెచ్చుకున్న ఎయిర్ గన్‌తో పిచ్చుకని కొట్టి, రాత్రంతా ఏడ్చిన సంగతి వాళ్ళకి చెబుతాను. కాగితం తప్ప దేన్నీ కాల్చనని నియమం పెట్టుకున్నాను. కాల్చనప్పుడు తాళం వేసి ఉంచుతాను. అంతవరకే చెప్పగలను.

అయితే ఈ ఆట చరిత్ర మనం చదవాల్సిందే. ఒలింపిక్స్ షూటింగ్‌లో ఆడా మగా కలిసి పోటీపడిన రోజులున్నాయి. 1976 మాంట్రియల్‌లో అమెరికా మార్గరెట్ మర్డాక్ రైఫిల్ పోటీలో తన దేశపు లానీ బాషమ్‌తో సమానంగా 1162 పాయింట్లు తెచ్చుకుంది. నియమాల ప్రకారం బంగారం అతనికి, వెండి ఆమెకి ఇచ్చారు. జాతీయగీతం వస్తుంటే అతను ఆమె చెయ్యి పట్టి తన మెట్టు మీదకి లాక్కున్నాడు. 1992 బార్సిలోనాలో చైనా అమ్మాయి ఝాంగ్ షాన్ స్కీట్‌లో మగవాళ్ళందరినీ దాటి బంగారం గెలిచింది. 1996 అట్లాంటాలో ఆ పోటీ మగవాళ్ళకే అయింది. గెలిచిన ఆమెకి తన పతకాన్ని నిలబెట్టుకునే పోటీయే లేకుండా పోయింది. ఆడవాళ్ళకి విడిగా స్కీట్ వచ్చింది 2000 సిడ్నీలోనే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మగవాళ్ళకి అరవై గుళ్ళు, ఆడవాళ్ళకి నలభై అన్న తేడా 2018 దాకా నడిచింది. ఆ ఇరవై గుళ్ళు ఎవరి చేతులు చూసి తగ్గించారో!

పోయిన చలికాలంలో చెన్నై శివార్లలో కొందరు ఔత్సాహికులు చిన్న పోటీ పెట్టుకుంటే వెళ్ళాను. ఇరవై మందికి పైగా ఉన్నాం, ఆడవాళ్ళం ఇద్దరమే. నా రైఫిల్ చూసి ఒకాయన "ఎవరు పాడుచేశారండీ దీన్ని?" అన్నాడు. నాకు 221 వచ్చింది. గెలవలేదు, తొమ్మిదో స్థానం. మధ్యలో గాలి మారినప్పుడు తొందరపడి మూడు గుళ్ళు పాడుచేసుకున్నాను. ఆ తప్పు మాత్రం పూర్తిగా నాదే. కొయ్యది కాదు, చేతిది కాదు. నా తప్పు నాదేనని చెప్పుకోవడంలో ఇంత తృప్తి ఉంటుందని నాకు తెలియదు. రెండో ఆమె ఆట అంతా మెడ పక్కకి వంచి, భుజం సాగదీసి కాల్చింది. భోజనాల దగ్గర "నాకు గురి తక్కువండీ" అంది. నా సంచీలోంచి టేపు తీశాను.

తమ్ముడి మనవరాలికి ఇప్పుడు పన్నెండేళ్ళు. రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని పీలికలు చూస్తుంది. "ఇప్పుడు అవ్వా, ఇప్పుడు" అని సరిగ్గా చెబుతుంది. మొన్న దాన్ని బల్ల ముందు కూర్చోబెట్టాను. ట్రిగ్గర్ అందలేదు. బట్ చంకలోకి జారింది. అది నా వైపు చూసి సిగ్గుగా నవ్వబోయింది.

"నవ్వొద్దు. చెయ్యి మడువు" అన్నాను. ఇరవై ఎనిమిదిన్నర.

మర్నాడు మళ్ళీ మామ దగ్గరికి వెళ్ళాం. ఇంకో మూడున్నర సెంటీమీటర్లు కోయించి, అదే మందానికి మూడు టేకు పలకలు చేయించాను. మరలు విప్పి తీసెయ్యొచ్చు, కావాలంటే పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆ కొయ్య దాని చేతి కొలతకి ఉంది. నా వంతు వచ్చినప్పుడు నేను పలకలు వేసుకుంటాను.